పదకొండో చుట్టు

మార్చి 3, మంగళవారం

ప్రియమైన నాన్నకి,

ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. మేం చేసిన పనివల్ల ఒక వాల్వు మనిషిని ఉద్యోగంలోంచి ఆపేశారు. ఆ పనిలో నా చెయ్యి ఉంది. వచ్చే సోమవారం ఆఫీసులో మీటింగు ఉంది. అందులో నోరు విప్పాలో వద్దో తేల్చుకోలేక నాలుగు రోజులుగా తిండి సయించడం లేదు.

ఫోన్ చేయొచ్చు. చేస్తే నువ్వు "సర్లే అమ్మడూ, అన్నీ అవే సర్దుకుంటాయి" అనేసి ఫోన్ అమ్మ చేతికిస్తావు. ఉత్తరమైతే కిటికీ దగ్గర కూర్చుని, అక్షరం కింద వేలు పెట్టుకుని, రెండుసార్లు చదువుతావని నాకు తెలుసు. అందుకే పెద్ద అక్షరాలు, విడివిడిగా రాస్తున్నాను. నేను ఒకటో తరగతిలో చేరిన ఏడాది మనిద్దరం ఒకే పలక మీద దిద్దుకున్నాం కదా, అలాగే అనుకుని చదువు.

మా ఆఫీసు ఏం చేస్తుందో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. కంప్యూటర్ పని అన్నాను, నువ్వు వీధిలో అందరికీ అదే చెప్పుకున్నావు. నిజానికి ఆరు నెలలుగా మేం చేస్తున్నది నీ పని గురించే. ఈ ఊరి నీటి శాఖవాళ్లు ఫోన్‌లో వాడే ఒక యాప్ కావాలన్నారు. వాల్వు తిప్పే మనిషి గుంట మూత తీసి రాడ్డు దించగానే ఒక బొత్తం నొక్కాలి. పూర్తిగా తెరిచాక ఇంకో బొత్తం నొక్కాలి. ఎవరు ఏ వీధికి ఎన్ని గంటలకి నీళ్లు వదిలారో ఆఫీసులో కూర్చున్నవాళ్లకి తెరమీద కనిపిస్తుంది. మొదట మూడో వార్డులో పెట్టి చూశారు. ఏప్రిల్ ఒకటి నుంచి ఊరంతా పెడతారు.

మేం ఆరుగురం. అందరి పైన మేడమ్. తర్వాత నోట్సు సారు. పని చేయించుకునేవాళ్ల దగ్గరికి వెళ్లి, మాట్లాడి, ఏం కావాలో కాగితం మీద రాసి తెచ్చేది ఆయన ఒక్కడే. అందుకే ఆ పేరు. మిగతా నలుగురం కుర్చీల్లోంచి కదలం. కుర్చీలోంచి కదలకపోవడంలో అందరికంటే సీనియర్ పెద్దాయన. ఆయన కోడ్ రాస్తే ఒక్క తప్పు దొరకదు, కానీ కిటికీ తెరవమన్నా వేరేవాళ్లకి చెబుతాడు. మేం రాసింది సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించే అమ్మాయిని సందేహాలమ్మ అంటారు. తెరమీద బొమ్మలు, బొత్తాలు గీసేవాడు రంగులబ్బాయి. ఆరో మనిషిని నేను. నోట్సు సారు తెచ్చిన కాగితమే మాకు ఊరు, వీధి, మనిషి, అన్నీ. మా దగ్గర పని సాగే పద్ధతి అది. అందులో తప్పుందని నాకూ ఎప్పుడూ తోచలేదు.

ఆయన కాగితంలో ఒక వాక్యం ఉంది. వాల్వు తెరవడానికి పట్టే సమయం నాలుగు నిమిషాలు. అంతకు మించితే మనిషి పేరు పక్కన ఎర్ర చుక్క పడాలి. వారంలో మూడు చుక్కలు పడితే నోటీసు. ఆ లెక్క రాసే పని నాకిచ్చారు. రాయడానికి పావుగంట పట్టింది. మార్కెట్టు వీధి వాల్వు తెరవడానికి నీకు పట్టేదీ పావుగంటే.

నాకు తెలుసు నాన్నా. అదే నన్ను తినేస్తోంది. నాకు అంకెలు వచ్చింది బడిలో కాదు, తెల్లవారుజామున నీ పక్కన గుంట అంచున కూర్చుని. మార్కెట్టు వీధిది ఇరవై రెండు చుట్లు. బడి వెనకది పదహారున్నర. ఆ అర ఎందుకని అడిగితే, అది దాని గుణం అన్నావు. మూడు చుట్లు తిప్పి ఆగేవాడివి, రాడ్డుకి చెవి ఆనించి వినేవాడివి. నీళ్లని నిద్ర లేపాలి గానీ ఉలిక్కిపడనివ్వకూడదు అనేవాడివి. ఇవన్నీ తెలిసిన చేత్తోనే నాలుగు నిమిషాలని రాశాను.

ఆ రోజు ఒకసారి నోరు తెరిచాను. కాస్త ఎక్కువ పడుతుందేమో అన్నాను, నాకే వినపడనంత మెల్లగా. నోట్సు సారు కాగితంలోంచి తలెత్తి, "నీకెలా తెలుసు?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. మా నాన్న వాల్వు తిప్పుతాడు అంటే అయిపోయేది. "ఊరికే అనిపించింది సార్" అన్నాను.

ఎందుకలా అన్నానో కూడా చెప్పాలి. ఇది చెప్పడానికే అసలు ఈ ఉత్తరం. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు టీ దగ్గర అందరూ ఒకరినొకరు అడుగుతున్నారు, మీవాళ్లు ఏం చేస్తారని. ఒకరి తల్లి లెక్చరర్, ఒకరి తండ్రి బ్యాంకు. నా వంతు వచ్చినప్పుడు నీటి శాఖలో అన్నాను. "ఇంజనీరా?" అన్నాడు రంగులబ్బాయి. నేను అవుననలేదు. కాదనీ అనలేదు. నవ్వాను. ఆ నవ్వు ఏడాదిన్నరగా నాతో తిరుగుతోంది. ఇప్పటికీ నేను ఏదన్నా సరిగ్గా చెబితే "ఇంజనీరుగారమ్మాయి కదా మరి" అంటారు. వాళ్లు ముచ్చటగానే అంటారు. నాకు మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టుంటుంది.

ఇక జరిగింది విను. మూడో వార్డు ఏటవాలు వీధిలో వాల్వు తిప్పే ఒకాయన ఉన్నాడు. నీ వయసువాడే. నేను మనసులో బాబాయి అనుకుంటున్నాను, ఇంకా ముఖం చూడలేదు. ఆ వీధికి రోజు విడిచి రోజు నీళ్లు, యాప్ పెట్టిన మొదటి వారమే ఆయనకి రెండు ఎర్ర చుక్కలు పడ్డాయి. మూడోది పడితే నోటీసేనని సూపర్‌వైజర్ అందరి ముందూ అన్నాడట. పోయిన గురువారం ఆయన ఆపకుండా గబగబా తిప్పేశాడు. వీధి చివర వంపు దగ్గర పైపు పగిలింది. రెండిళ్లలోకి నీళ్లు వెళ్లాయి. నిర్లక్ష్యంగా తిప్పాడని ఆయన్ని ఆపేశారు. మార్చి ఇరవైన విచారణ. అందులో తప్పు తేలితే ఉద్యోగం పూర్తిగా పోతుంది.

ఆ రోజు రికార్డు నేను తీసి చూశాను. మూడు నిమిషాల యాభై సెకన్లు. ఆయన పేరు పక్కన పచ్చటి టిక్కు ఉంది. పైపు పగిలిన రోజు మా యాప్ ఆయన్ని మెచ్చుకుంది నాన్నా.

ఆఫీసులో ఎవరూ మన తప్పనుకోవడం లేదు. పాత పైపు, పాత మనిషి అనుకుంటున్నారు. సోమవారం నేను నిజం చెబితే, ఏడాదిన్నర అబద్ధం, తెలిసి దాచడం, రెండూ ఒకేసారి బయటపడతాయి. నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. మన ఇంట్లో చదువుకుని ఉద్యోగం చేస్తున్నది నేనొక్కదాన్నే అన్న బరువు నీకు చెప్పక్కర్లేదు.

నాకొక ఆలోచన వచ్చింది. చెప్పాల్సింది చెప్పేసి, ఆ తర్వాతి ఆదివారమే మావాళ్లందర్నీ బస్సెక్కించి నీ దగ్గరికి తీసుకొస్తాను. నువ్వు మార్కెట్టు వీధి వాల్వు తెరిచి చూపించు. నీ చెయ్యి చూస్తే చాలు, వాళ్లకి అర్థమవుతుంది. కానీ నిన్ను దాచిపెట్టినదాన్ని, ఇప్పుడు అవసరం వచ్చిందని నిన్ను చూపిస్తానంటున్నాను. ఆ మాట అడగడానికి నాకు ముఖం చెల్లడం లేదు.

సోమవారం లోపల ఒక్క మాట రాయి. తిట్టినా సరే.

నీ
అమ్మడు


మార్చి 6

అమ్మడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అమ్మకి పైకి చదివి వినిపించాను. ఇంజనీరు అనుకున్నారు అన్న చోట నేను నవ్వాను. మీ అమ్మ నవ్వలేదు. తర్వాత నువ్వే మాట్లాడుకో ఆమెతో.

నాకు కోపం లేదు. బాధ ఉంది. అది కొన్ని రోజులుంటుంది, పోతుంది.

సోమవారం చెప్పు. చెప్పకపోతే నీకు తిండి సయించదు. నా సంగతి కూడా చెప్పు.

మీ వాళ్లని నా దగ్గరికి తేవద్దు. నా వాల్వులు నా ఊళ్లోవి. ఆ వీధి వాల్వు గుణం నాకేం తెలుసు. ఆ పైపు ఎటు వంగిందో ఆయనకి తెలుసు. నన్ను చూసి ఆయన సంగతి తెలిసింది అనుకుంటే, మీ నోట్సు సారు చేసిన పనే నువ్వూ చేసినట్టు. నా కూతురివి కాబట్టి నీకు తెలుసు అనుకోకు.

ఆయన దగ్గరికి వెళ్లండి. ఒక్కరు కాదు, అందరూ. ఒకరు వెళ్లొస్తే ఆ ఒకరు చూసిందే తెస్తారు.

తిప్పేటప్పుడు మాట్లాడించకండి. లెక్క తప్పుతుంది. చూడండి, తర్వాత అడగండి.

ఈ ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది. తప్పులుంటే దిద్దుకో.

నాన్న


మార్చి 14, శనివారం

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం నా సంచీలోనే ఉంది. సోమవారం మీటింగులో అది బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను, పరీక్ష హాలులో హాల్ టికెట్ పెట్టుకున్నట్టు.

చెప్పేశాను. నోట్సు సారు వంతు అయ్యాక లేచి నిలబడి, మా నాన్న ఇంజనీరు కాదు, ముప్ఫై ఏళ్లుగా వాల్వు తిప్పుతున్నాడు, ఒక్కో వీధి వాల్వుకి ఒక్కో లెక్క చుట్లుంటాయి, నాలుగు నిమిషాలు చాలవని నాకు మొదటి రోజే తెలుసు అన్నాను. ఎవరో ఒకరు "ఇంతకాలం ఎందుకు చెప్పలేదు" అంటారని కాచుకున్నాను. సందేహాలమ్మ నా వైపు తిరిగి, "అయితే మా వీధిది ఎన్ని చుట్లు?" అంది. పెద్దాయన నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

రంగులబ్బాయి మాత్రం తల వంచుకున్నాడు. తర్వాత మెట్ల దగ్గర ఆగి, ఆ రోజు అలా అడగాల్సింది కాదు అన్నాడు. అడగడంలో నీ తప్పేం లేదు, నవ్వడంలో నాదే తప్పు అన్నాను.

మేడమ్ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. ఇక్కడున్న వాళ్లలో వాల్వు తెరవడం కళ్లారా చూసినవాళ్లెవరు? నేను చెయ్యెత్తాను. నోట్సు సారు సగం ఎత్తి దించేశాడు. ఆయన చెప్పింది వింటే కోపం రాదు నాన్నా, జాలేస్తుంది. ఆయన వెళ్లిన మూడుసార్లూ నీటి శాఖ ఆఫీసులో కూర్చోబెట్టి టీ ఇచ్చారట. వాల్వు చూపించమంటే ఆవరణలోనే ఉన్న కొత్తది తిప్పి చూపించారు. దానికి ఇంకా పైపు లైను కలపలేదు. నీళ్లు లేని వాల్వు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు, సారే దయతలచి నాలుగని రాశాడు. అది చెబుతూ ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆయన్నొక్కణ్ణే పంపించి మేమంతా కాగితం కోసం కూర్చున్నాం కదా. ఆ మాట మేడమే అంది.

నీ ఉత్తరంలో సగం నేను వాళ్లకి చదివి వినిపించాను. అమ్మ నవ్వలేదన్న ముక్క వదిలేశాను.

గురువారం ఉదయం ఐదున్నరకి ఆరుగురం ఏటవాలు వీధిలో ఉన్నాం. పెద్దాయన బూట్లు వేసుకుని వచ్చాడు, అదే నాకు పెద్ద వింత. బాబాయి ఎదురుగా అరుగు మీద నిలబడి ఉన్నాడు. పనిలోంచి ఆపేశారు కాబట్టి రాడ్డు ముట్టుకోవడానికి లేదు. ఇంకో వార్డు నుంచి తెచ్చిన మనిషి తిప్పుతున్నాడు. మా గుంపుని చూసి బాబాయి, "ఆరుగురొచ్చారే, మళ్లీ పగిలిందా?" అన్నాడు. మేం ఎవరిమో చెబితే ఏమంటాడోనని నేను పెద్దాయన వెనక్కి జరిగాను. మేడమే చెప్పింది, ఎర్ర చుక్కలు పెట్టింది మేమేనని. ఆయన కాసేపు మమ్మల్ని ఒక్కొక్కరినే చూశాడు. "చిన్నవాళ్లే" అన్నాడు. అంతే. దానికంటే తిట్టినా బాగుండేది.

నువ్వు చెప్పినట్టే ఎవరమూ మాట్లాడలేదు. నేను తిప్పే చేతినే చూస్తున్నాను, అన్నీ తెలిసినదానిలా లెక్కపెట్టుకుంటున్నాను. కొత్తమనిషి పాపం భయంభయంగా, ఒక్కో చుట్టూ బరువుగా తిప్పుతున్నాడు. అప్పుడు సందేహాలమ్మ నా మోచెయ్యి గోకింది. బాబాయి వెనక్కి కట్టుకున్న చేతులు చూడమని సైగ చేసింది. ఆయన వేళ్లు కదులుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. పదకొండు దగ్గర ఆగిపోయాయి. కొత్తమనిషి ఇంకా తిప్పుతూనే ఉన్నాడు, బాబాయి వేళ్లు మాత్రం బిగుసుకున్నాయి. మెడ తిప్పి వీధి చివరికి చూశాడు.

రాడ్డు పైకి తీశాక సందేహాలమ్మే అడిగింది, పదకొండు దగ్గర ఎందుకాగారని. ఆయన ఉలిక్కిపడ్డాడు. నా వేళ్లు కూడా చూస్తారా మీరు అన్నాడు. తర్వాత మమ్మల్ని వీధి చివరికి నడిపించాడు. అక్కడ ఆఖరి ఇంట్లో ఒక ముసలమ్మ ఉంటుంది. గోడ మీద ఒక నీలం బకెట్టు బోర్లించి ఉంటుంది. ఆ వీధి పైపు మధ్యలో గూనిలా లేచి, మళ్లీ దిగుతుందట. ఆ గూనిలో రాత్రంతా గాలి చేరుతుంది. అది బయటికి పోకముందే వాల్వు పూర్తిగా తెరిస్తే, నీళ్ల తోపుకి ఆ గాలే వంపు దగ్గర పైపుని పగలగొడుతుంది. పదకొండు చుట్లు తిప్పి ఆపితే, నీళ్లు గాలిని నెట్టుకుంటూ పోయి ముసలమ్మ కుళాయిలోంచి బుసకొట్టి బయటికి పంపేస్తాయి. బుస ఆగి నీళ్లు సన్నగా పడటం మొదలవగానే ఆమె బకెట్టు తిరగేసి నిలబెడుతుంది. పై నుంచి అది చూసి ఆయన మిగతా పదమూడు చుట్లు తిప్పుతాడు. పంతొమ్మిదేళ్లుగా వాళ్లిద్దరూ అలాగే చేస్తున్నారు. ఆఫీసులో ఎవరికీ తెలియదు. చెప్పలేదా అని నోట్సు సారు అడిగాడు. "ఎవరడిగారు బాబూ" అన్నాడు ఆయన.

ముసలమ్మ కోపంగా ఉంది. పైపు పగిలిన రోజు బకెట్టు తిరగేయకముందే నీళ్లొచ్చి తన గుమ్మం దాటాయని, ఈ మనిషి ఇలా ఎప్పుడూ చేయలేదని, ఎవరో తరిమితేనే చేసుంటాడని అంది. తరిమినవాళ్లం ఎదురుగా నిలబడి ఉన్నాం.

నాన్నా, నేనొక్కదాన్నే వెళ్లి ఉంటే ఏం తెచ్చేదాన్నో తెలుసా? నెమ్మదిగా తిప్పాలి, పావుగంట ఇవ్వండి అని రాసేదాన్ని. గాలి సంగతి నాకు తెలియదు. బకెట్టు సంగతి తెలియదు. తడి వేలితో నొక్కితే మా బొత్తం పలకదని, బాబాయి మోచేత్తో నొక్కేవాడని రంగులబ్బాయి కనిపెట్టాడు. గుంటలోకి వంగితే ఫోన్ జేబులోంచి జారుతుందని, అందుకే ఆయన మొదటి బొత్తం ముందే నొక్కి ఫోన్ అరుగు మీద పెట్టి వస్తాడని, అక్కడే రెండు నిమిషాలు పోతున్నాయని పెద్దాయన అడిగి తెలుసుకున్నాడు. తను కూడా రాడ్డు పట్టి చూస్తానని, మూత వేసేలోపు వాల్వుకి తగిలించకుండా రెండు చుట్లు తిప్పి, నడుము పట్టుకుని కూర్చున్నాడు. బాబాయి అప్పుడు మొదటిసారి నవ్వాడు. నీ కూతురినన్న పొగరు ఆ వీధిలోనే వదిలేసి వచ్చాను. నువ్వు ముందే చెప్పావు, నాకు అక్కడికి వెళ్తేగానీ ఎక్కలేదు.

ఎర్ర చుక్క తీసేశాం. నేను రాసింది నేనే చెరిపేశాను. ఇక నిమిషాల లెక్క ఉండదు. మొదట ఆపిన చోట ఒకటి, చివరి ఇంటికి నీళ్లు అందాక ఒకటి, రెండే పెద్ద బొత్తాలు. మిగతా వార్డుల్లో కూడా అందరం కలిసి తిరిగి చూసేదాకా యాప్ ఇవ్వలేమని, ఏప్రిల్ ఒకటి కుదరదని మేడమ్ నీటి శాఖకి రాసేసింది. వాళ్లు మండిపడుతున్నారు. నోట్సు సారు ఇప్పుడు మమ్మల్ని వెంటేసుకుని గానీ గడప దాటడం లేదు.

కానీ ఉత్తరం దీనికోసం రాయడం లేదు. బాబాయి విచారణ ఈ శుక్రవారమే. తప్పు మాదేనని, వాల్వు చూడకుండా సమయం పెట్టామని ఆరుగురం సంతకాలు చేసి ఇచ్చాం. మొదటి సంతకం నోట్సు సారుది. రెండోది నాది. విచారణ చేసే పెద్ద ఇంజనీరు కాగితం చదివి పక్కన పెట్టి, కంప్యూటర్ల వాళ్లు వాల్వుల గురించి చెబితే ఎవరు నమ్ముతారమ్మా, చేత్తో తిప్పినవాడి మాట తీసుకురండి అన్నాడు. బాబాయి తోటివాళ్లు సూపర్‌వైజర్‌కి భయపడి రాయడం లేదు. ముసలమ్మకి రాయడం రాదు, వచ్చి చెబుతానంటోంది, రానిస్తారో లేదో.

ఆ వీధి గురించి నిన్ను రాయమనను. అది బాబాయి చెప్పుకుంటాడు. నీ వాల్వుల గురించి రాయి. మార్కెట్టు వీధిది ఎన్ని చుట్లో, ఎక్కడెక్కడ ఆగుతావో, ఎందుకు ఆగుతావో, ఆగకపోతే ఏమవుతుందో. ముప్ఫై ఏళ్లుగా ఈ పని చేస్తున్నానని రాసి కింద నీ సంతకం పెట్టు. నువ్వు ఇప్పటిదాకా నాకు తప్ప ఇంకెవరికీ ఉత్తరం రాయలేదని తెలుసు. ఆఫీసుకి రాయాలంటే వెనకాడతావని కూడా తెలుసు. ఎవరిచేతా రాయించకు. టైపు చేయించకు. తప్పులుంటే ఉండనీ, ఈసారి నేను దిద్దను. ఎవరు రాశారని ఇంజనీరు అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు. ఈసారి నవ్వి ఊరుకోను.

గురువారం, అంటే పంతొమ్మిదో తేదీ సాయంత్రం లోపల నా చేతికి అందాలి. నీకు రెండు రోజులు పడుతుందన్నావు కాబట్టి రేపే మొదలుపెట్టు నాన్నా.

నీ
అమ్మడు

అమ్మ పక్కన కూర్చుని ఉంటే చెప్పు, విచారణ అయిపోగానే ఆదివారం వస్తున్నాను. ఆమె నవ్వకపోయినా సరే.